కంది చేను ఎండిన ఏడు

నా చిన్నప్పుడు కౌతాళం వైపు మా ఊళ్లో పంట చేతికి రాని ఇళ్లన్నీ సుగ్గికి పోయేవి. సుగ్గి అంటే ఇంటికి తాళం వేసి, పిల్లాపాపలతో, తట్టాబుట్టతో గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోవడం. ఎండాకాలానికి తిరిగొచ్చేసరికి బడి అయిపోయేది. నేనలా మూడో తరగతి రెండుసార్లు చదివాను.

మా నాయన మొదట్లో మా అవ్వ చెప్పినట్టే జొన్నలో అక్కడక్కడ కంది సాళ్లు వేసేవాడు. ముద్దకూ పప్పుకూ లోటుండేది కాదు గానీ అమ్ముకోవడానికి ఏమీ మిగిలేది కాదు, సుగ్గి తప్పేది కాదు. ఆ తర్వాత ఎండు తెగులు రాని కంది విత్తనం వచ్చిందని విని, జొన్న మానేసి చేనంతా కందే వేశాడు. నిజంగానే చెట్లు నిలబడ్డాయి. వరుసగా రెండేళ్లు మేం ఊళ్లోనే ఉన్నాం. నేను బడికి పోయాను, పరీక్షలు రాశాను. నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను. మా అవ్వ మాత్రం ఒకే చేలో మళ్లీ మళ్లీ కందేనా అని గొణిగేది. ముసలామె చాదస్తమని మేమంతా నవ్వేవాళ్లం.

మూడో ఏడు, పూత మీద, ఒక మూల చెట్లు వాడాయి. ఆ ఏడు వాన కూడా తక్కువే. దప్పికతో వాడాయనుకున్నాడు నాయన. మా వైపు మొక్క వాడితే ఎవరికైనా మొదట తట్టేది అదే, నీళ్లకు అంతగా మొహం వాచినవాళ్లం. బడి నుంచి రాగానే నేనూ అమ్మా నాయనా వంకలోని నీళ్లు బిందెలతో మోసుకొచ్చి మొదళ్లలో పోసేవాళ్లం. పోసేకొద్దీ వాడేవి ఎక్కువయ్యాయి. అన్నాళ్లూ అవ్వ గట్టు మీద కూర్చుని చూసింది గానీ ఒక్క మాట అనలేదు.

చివరికి ఒక సాయంత్రం నన్ను పిలిచి, చేలో బాగా పచ్చగా ఉన్న చెట్టు ఏదో చూపించమంది. నిండా పూసిన ఒక చెట్టును చూపించాను. దాన్ని వేళ్లతో సహా పెరికి, కాండాన్ని కొడవలితో నిలువునా చీల్చింది. బెరడు కింద, వేరు నుంచి పైకి, నల్లటి చారలు. ఆకు మాత్రం ఒక్కటీ వాడలేదు. నాయన దగ్గరికొచ్చి చూసి, చేతిలోని బిందె కింద పెట్టేశాడు.

"దప్పిక గాదప్పా ఇది," అంది అవ్వ. "తెగులు మన్నులోనే ఉండాది. దానికీ ఆకలి ఉంటాది గదా. ఏటేటా ఇదే సెట్టు పెడితిమి, దీన్ని తినేది కూడా నేర్సుకునింది."

ముందే ఎందుకు చెప్పలేదని నాకు చెప్పలేనంత కోపమొచ్చింది. ఇంటికి పోతూ అడిగాను.

"సెప్పి ఏం సేద్దును మ్మే? మీ నాయన ఇంగ నాలుగు దినాలు ఆశతో ఉండనీలే అనుకుంటి."

ఆ నెలలోనే సుగ్గికి లారీ ఎక్కాం. నేను మళ్లీ బడి మొహం చూడలేదు. మరిచిపోయిన అక్షరాలు మళ్లీ కూడబలుక్కున్నది పెళ్లయ్యాక, రాత్రిబడిలో.

ఈసారి తొలకరికి మా కొడుకు కొత్త కంది విత్తనం తెచ్చాడు. దీనికి తెగులు రాదంట అన్నాడు. మా అవ్వలా ఊరుకోవడం నా వల్ల కాలేదు. కొన్నేళ్లు నిలుస్తుందేమో గానీ, తెగులు దీన్ని కూడా నేర్చుకుంటుందని చెప్పేశాను.

"అట్లయితే ఏం ఏద్దామమ్మా?" అని అడిగాడు.

జొన్న వేయమంటే వాణ్ణి సుగ్గికి పొమ్మన్నట్టే. నాలుగో తరగతి చదివే వాడి కూతురు పక్కనే కూర్చుని నా వైపు చూస్తోంది. ఏం జరుగుతుందో ముందే తెలుసుకోవడం అవ్వ నాకు నేర్పింది. తెలిశాక ఏం చేయాలో ఆమెకూ తెలియదు. ఇన్నేళ్లుగా ఆ తెలివిని మోస్తున్న నాకూ తెలియదు.