మేడం అడిగిన నత్తలు

మా జువాలజీ మేడం పోయారన్న కబురు తెలిసేసరికి నేను విశాఖలో, సముద్రం అంచున ఒక నల్లబండ మీద, ఆవిడ పని మీదే కూర్చుని ఉన్నాను. ఫోన్ చేసింది బుక్కరాయసముద్రం నుంచి ఆవిడ తమ్ముడు. "అక్క తెల్లారుజామున పోయిందమ్మా. నిన్న కూడా అడిగింది, నత్తలు కదిలినాయంటనా అని. ఏం నత్తలో, నాకేం తెలుసు?" అన్నాడాయన.

"సముద్రం పోటెక్కాలి, అన్నా. ఇంగా రాలేదు" అన్నాను.

అనంతపురంలో మేము డిగ్రీ చదివేటప్పుడు సముద్రాన్ని కళ్ళారా చూసినవాళ్ళు మా క్లాసులో ఎవరూ లేరు. అట్లాంటి మాకు ఆవిడ ఒడ్డున బండల మీద బతికే గుల్లజీవుల పాఠం మొదలుపెడితే, కరెంటు పోయి ఫ్యాను ఆగిన సంగతి కూడా పట్టేది కాదు. చీర కొంగు నిండా సుద్దపొడి. హుషారు ఎక్కితే పుస్తకం భాష పోయి తన ఊరు నల్లమాడ మాట వచ్చేది. "రోజూ సముద్రం వాటిని వదిలేసి ఎనక్కి పోతాది! పైన ఎండ, కింద బండ సెగ. అయినా బతికే ఉండాయి. ఎట్ల బతుకుతాండాయో తెలుసుకోవాలని మీకు అనిపించలేదా?" అని బల్ల మీద చరిచేవారు. మాకు అనిపించి తీరాల్సిందే!

ఫైనలియర్లో మమ్మల్ని రైలెక్కించి ఈ బండ దగ్గరికే తీసుకొచ్చారు. ప్రతి వేసవి సెలవుల్లో థర్మామీటరు పట్టుకుని ఆవిడ ఒక్కరే వచ్చే బండ ఇది. మిట్టమధ్యాహ్నం. శనక్కాయ విత్తనమంత నత్తలు నోరు మూసుకుని, కాలే రాతికి అతుక్కుని ఉన్నాయి. మాది కరువుసీమ, నీళ్ళ బాటిల్ లేకుండా గడప దాటం. "అయ్యో, ఎండిపోయినాయి పాపం" అంటూ నా స్నేహితురాలు వాటి మీద నీళ్ళు పోసేసింది. చూసి మేమందరం మూతలు తీశాం.

"పొయ్యొద్దప్పా, పొయ్యొద్దు! అది మంచినీళ్ళు!" అని మేడం చేతులు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చారు. మేం బిక్కచచ్చిపోయాం. ఆవిడేమో పకపకా నవ్వుతూ కూలబడ్డారు. "నేనూ మొదటిసారి ఇదే చేసినాను. మన ఊరోళ్ళకు ఎండినదాన్ని సూస్తే చెయ్యి ఆగదు." ఉప్పునీటి జీవికి మంచినీళ్ళు పడవట. పైగా సముద్రం వచ్చిందనుకుని నడి ఎండలో తలుపు తీస్తే ప్రాణానికే ముప్పట.

తర్వాత మమ్మల్ని బండ మీద బోర్లా పడుకోబెట్టినంత పని చేశారు. నత్త తన పాదాన్ని లోపలికి లాక్కుని, గుల్ల అంచును మాత్రం జిగురుతో రాతికి అంటించుకుంటుంది. లోపల గుండె నెమ్మదిస్తుంది. కొన్ని ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. "సూడండి! మా గొర్రెలు మధ్యాహ్నం ఒకదాని కడుపు కింద ఒకటి తల పెట్టుకోవా, అట్లే! కాకపోతే వీటికి సెగ కిందనుంచి. బండకు ఎడంగా ఉంటే పైదానికి కాస్త సల్లగా ఉంటాది" అని చప్పట్లు కొట్టారు. ఆ పూట నాకు అంటుకున్న పిచ్చి ఇంతవరకూ వదల్లేదు. అందుకు ఆవిడకు ఎంత రుణపడ్డానో ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పలేదు.

సముద్రాలు వేడెక్కుతున్నాయన్న వార్త వస్తే మాత్రం ఆవిడ నవ్వేవారు కాదు. "ఇవి ఓర్చుకోగలిగినంతా ఓర్చుకుంటాండాయి. ఇంగొంచెం పెరిగితే యాడికి పోతాయి?" అనేవారు. ఈ ఏడు మంచం దిగలేక, ఇక్కడే ఉద్యోగం చేస్తున్న నాకు ఫోన్ చేశారు. "నా బండ సూసి రా తల్లీ. ఈ ఎండాకాలం దాటినాయో లేదో సెప్పు. మూసుకున్నది బతికిందో సచ్చిందో ఎండలో తెలీదు, పోటు వచ్చేదాకా కూర్చో."

"నేనెట్లున్నానో అడగరా మేడం?" అని ఉడికించాను.

"మాట్లాడుతాండావు కదా, బాగానే ఉంటావులే!"

వచ్చి చూస్తే పైవరసలో గుల్లలు వేలు తగిలితే రాలిపోయాయి. అన్నీ ఖాళీ. కింది వరసవి మూసుకుని ఉన్నాయి. వాటి సంగతి తేలకముందే ఆ ఫోన్ వచ్చింది. ఏడుస్తూనే చూశాను, నా చెయ్యి సంచిలోని బాటిల్ మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను.

పోటు మొదలై, తొలి అల తుంపర పడింది. ఏమీ లేదు. ఇంకో అల వచ్చి బండ తడిపి పోయింది. ఒక గుల్ల కొద్దిగా పైకి లేచింది! సన్నటి మీసాలు రెండు బయటికొచ్చాయి. దాని పక్కది, ఆ పక్కది. నేను ఒక్కదాన్నే బండ మీద కేకలు పెట్టాను. వెంటనే మేడం తమ్ముడికి ఫోన్ చేశాను.

"అన్నా, కదిలినాయి! పైవరస పోయింది. కిందివి కదిలినాయి!"

అటువైపు ఏడుపులు వినిపిస్తున్నాయి. ఆయన ఇంటినిండా ఉన్న జనంతో గట్టిగా అన్నాడు: "ఏమప్పా, విన్నారా? అక్క నత్తలు బతికే ఉండాయంట!"

"ఏం నత్తలు?" అని ఎవరో అడిగారు. "యాడో సముద్రం కాడ, బండ మీద..." అని ఆయన తనకు తెలిసినంతలో చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. ఇక్కడ నా ముందు, పైకెక్కి కూర్చున్న నత్త కిందదాని మీదనుంచి దిగి, తడి రాతి మీద మేతకు బయల్దేరింది.