ఇంజనుకు కొబ్బరినీళ్లు

ముందు పోయినవి చెప్పుకుందాం. బాగున్న బ్యాటరీని తీసేసి కొత్తది వేసినందుకు అయిదు వేల రెండు వందలు. కారు ఇంజనును తిప్పి లేపే సెల్ఫ్ మోటారుకు ఆరు వేల ఎనిమిది వందలు, తాళం స్విచ్చికి పద్నాలుగు వందలు, కూలికి పదిహేను వందలు. బావకు రెండోసారి కొన్న విమానం టికెట్టు పద్దెనిమిది వేల ఆరు వందలు. మొత్తం ముప్పై మూడు వేల అయిదు వందలు. వీటిలో ఒక్కటీ అవసరం లేదు.

బావ అంటే మా అక్క భర్త. దుబాయిలో పని. సెలవుపై వచ్చిన రెండు నెలలూ ప్రతి శనివారం నా కారులోనే ధర్మపురి నరసింహస్వామి గుడికి పోయాడు. గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, బానెట్ ఎత్తి, ఆ నీళ్లు ఇంజను మీద పోసేవాడు.

"వద్దు బావా, లోపల వైర్లున్నయ్."

"నర్సన్న నీళ్లకు తుప్పు పడ్తదా బామ్మర్ది? నీకు లెక్కలు తప్ప భక్తి లేదు."

నెల దాటాక తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు, అంతే. నాలుగుసార్లు తిప్పితే ఒకసారి లేచేది. కరీంనగర్ మేస్త్రీ ముందు బ్యాటరీ అన్నాడు, తర్వాత సెల్ఫ్, ఆ తర్వాత స్విచ్చి.

"మీటర్ పెట్టి చూసినవా?" అన్నాను.

"మీటరెందుకు సార్, సప్పుడు ఇంటే తెల్వదా?"

బావ ప్రయాణం రోజు పొద్దున మళ్లీ ధర్మపురి. మరునాడు డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం ఉండదని కంపెనీ వాళ్లు ముందే చెప్పారు. పెట్టెలు డిక్కీలో ఉన్నాయి. మళ్లీ కొబ్బరినీళ్లు పోశాడు. ఈసారి ఎన్నిసార్లు తిప్పినా 'టక్'. ఆటోమేటిక్ గేర్ల కారు, తోసినా లేవదు. జాతర రద్దీలో వేరే బండి దొరకలేదు. మధ్యాహ్నం విమానం అందకుండా పోయింది.

అప్పుడు గాని నేను సరిగ్గా ఆలోచించలేదు. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పాను. వెలుతురు తగ్గలేదు. అంటే బ్యాటరీలో బలముంది, అది మోటారుకు చేరడం లేదు. పక్క జీపు వాళ్ల జంపర్ వైరు అడిగి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఇంజను ఇనుముకు ఆనించాను. ఒక్క తిప్పుకే లేచింది.

బ్యాటరీ మైనస్ నుంచి వచ్చి ఇంజనుకు బిగించిన ఎర్త్ వైరు బోల్టు విప్పాను. దాని కింద పులిసిన కల్లు వాసన కొట్టే నల్లటి జిగురు. అందులో పసుపు, కుంకుమ, చచ్చిన చీమలు, సగం కుళ్లిన బొద్దింక. వైరు కొస ఆకుపచ్చగా పొడి రాలింది. వేలికి అంటింది సబ్బుతో మూడుసార్లు కడిగినా పోలేదు. అన్నం తినబుద్ధి కాలేదు.

బావ తొంగి చూశాడు.

"నర్సన్న నన్ను ఆపిండు బామ్మర్ది. గా విమానంల ఏం గండముండెనో."

గండం నా జేబుకు వచ్చింది. ఆ రాత్రి విమానానికే టికెట్టు కొని పంపాను. ఉద్యోగం నిలిచింది. పోయేటప్పుడు టికెట్టు డబ్బు మొదటి జీతంలో ఇస్తానన్నాడు. ఇప్పటికి ఏడు వేలు పంపాడు. మొన్న ఫోన్లో అడిగితే, "ఈసారి అచ్చినప్పుడు నీ కారుకు రెండు టెంకాయలు కొడ్త, ఫికర్ చేయకు" అన్నాడు.

రావలసింది ఇంకా పదకొండు వేల ఆరు వందలు.