చెప్పులెక్కువున్న తలుపు

ఆ మ్యాప్‌ని నమ్మితే ఫ్రీమాంట్‌లో జనం సైకిల్ తొక్కుతారు, బీరు తాగుతారు, అలిసిపోతే పార్కు బెంచీ మీద కూర్చుంటారు. అంతకుమించి వాళ్ళకి పనేమీ లేదు. అన్నం వండుకోరు, బట్టలుతుక్కోరు, పిల్లల్ని కనరు.

అది ఎవరైనా లాగిన్ అయి తమకు తెలిసిన చోటుకి చుక్క పెట్టగలిగే ఇంటర్నెట్ మ్యాప్. జీతం ఎవరికీ లేదు. తీరికున్నవాళ్ళు గీస్తారు, వాళ్ళ కంటికి ఆనేవే గీస్తారు. ఎఫ్-వన్ వీసా మీద మాస్టర్స్ చేయడానికి వచ్చిన నాకు మా ప్రొఫెసర్ ఈ మ్యాప్‌నే ప్రాజెక్టుగా అంటగట్టారు. ఇందులో ఏముందో కాదు, ఏం లేదో చూడు, ఊరి సంగతి అప్పుడు తెలుస్తుంది అన్నారు. ఇలాంటివి చెప్పడం ఆయనకి మహా ఇష్టం. చెప్పేసి కాఫీకి వెళ్ళిపోయేవారు. చూడాల్సింది నేను.

చూశాను. చెరువు చుట్టూ ఉన్న ప్రతి బెంచీ ఉంది. చెత్తబుట్టలున్నాయి. సైకిళ్ళకి తాళం వేసుకునే కమ్మీలున్నాయి. ఒక ఓక్ చెట్టుకి విడిగా చుక్క పెట్టి, దాని ఎత్తు కూడా రాశాడొక మహానుభావుడు. మేముండే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ మాత్రం ఒక బూడిదరంగు ముద్ద. అందులో కనీసం లాండ్రీ గది కూడా లేదు. ఆదివారం పొద్దున ఆ గదిలో డ్రయ్యర్ కోసం జరిగే తగాదాలు ఒక్కసారి చూసుంటే, ఆ మహానుభావుడికి చెట్టు ఎత్తు గుర్తుండేది కాదు.

ఆ ముద్దలోనే, మా పైఅంతస్తులో, అక్క ఉండేది. నిజామాబాద్ ఆమె. మొదటిరోజు ఆంటీ అన్నాం, పప్పు నీళ్ళలా వచ్చింది. మర్నాటి నుంచి అక్కా అన్నాం, చిక్కబడింది. భర్తని మా సార్ అంటుంది. ఆయన ఏదో కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగి, పొద్దున రైలెక్కితే చీకటిపడ్డాకే రావడం. ఇంట్లో చంటిబాబు. అక్కది డిపెండెంట్ వీసా. అంటే ఈ దేశంలో ఉండొచ్చు, ఊపిరి పీల్చుకోవచ్చు, పని మాత్రం చేయకూడదు. అయినా రోజూ సాయంత్రం మాలాంటి స్టూడెంట్లకి భోజనం డబ్బాలు కట్టేది. అపార్ట్‌మెంట్లు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీస్‌కి తెలిస్తే ఇల్లు పోతుంది. ఇంకా పైకి తెలిస్తే భర్త గ్రీన్‌కార్డ్‌కే ఎసరు. అందుకని బోర్డు లేదు, పేరు లేదు. తలుపు ముందు గుట్టగా పడి ఉండే మా చెప్పులే గుర్తు.

ఒకరోజు అక్క పంపిన డబ్బా తింటూ నా రూమ్మేట్‌కి మ్యాప్‌లో ఖాళీల గురించి క్లాసు పీకాను. ఆ పిల్లది విజయవాడ. విన్నది వెంటనే ఆచరణలో పెట్టే రకం.

"మరి మన అక్క లేకపోవడం ఏంటే? బీరు షాపులున్నాయి, అక్క లేదా?" అంది.

నేను గిన్నెలు కడిగి వచ్చేలోగా ఆ ఖాళీ నింపేసింది. అక్క కర్రీ పాయింట్ అని చుక్క పెట్టింది. మనవాళ్ళు దారి చెప్పే పద్ధతి ఎక్కడికి పోతుంది? లాండ్రీ గది వెనక మెట్లెక్కండి, చెప్పులెక్కువున్న తలుపు, బెల్ కొట్టొద్దు, బాబు పడుకుంటాడు అని ఇంగ్లీషులో శుభ్రంగా రాసింది. నాకు చెప్పలేదు. సర్‌ప్రైజట.

శనివారం మధ్యాహ్నం అక్క తలుపు ఎవరో మెల్లగా తట్టారు. తెరిస్తే హెల్మెట్ పెట్టుకున్న పెద్దవయసు తెల్లాయన. మెనూ ఉందా అని అడిగాడు. అక్క తలుపు సగం మూసి, "నో హోటల్, ఓన్లీ హౌస్" అంది. ఆయన సారీ చెప్పి వెనక్కి తిరిగాడు. కథ అక్కడితో అయిపోవాలి. కానీ భోజనాల వేళ గుమ్మం దాకా వచ్చిన మనిషి ఉత్త కడుపుతో వెళ్ళిపోతుంటే అక్క ఊరుకోలేకపోయింది. వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, పులిహోర పెట్టింది. చాలంటే ఇంకో గరిటె వేసింది. డబ్బులు తీయబోతే కోప్పడింది.

ఆయన వెళ్ళగానే కిందికి పరిగెత్తుకొచ్చింది.

"ఎవరో తెల్లాయన చెప్పులు చూసుకుంట వచ్చిండు బిడ్డా. లీజింగోళ్ళు పంపిన్రేమో. మా సార్‌కి తెలిస్తే ఏమన్న ఉన్నదా?"

రూమ్మేట్ మొహం పాలిపోయింది. అప్పుడు బయటపడింది సర్‌ప్రైజు. వెంటనే లాప్‌టాప్ తెరిచి ఆ చుక్క తీసేశాను. మర్నాడు చూస్తే మళ్ళీ ఉంది. మళ్ళీ తీశాను. మళ్ళీ వచ్చింది, ఈసారి పక్కన ఒక సందేశంతో. ఉన్న చోట్లను దయచేసి తొలగించకండి, నేను స్వయంగా వెళ్ళి తిన్నాను, భోజనం అద్భుతం అని. రాసింది ఎవరా అని లాగిన్ పేరు చూస్తే, మన ఓక్ చెట్టు మహానుభావుడే.

నిజం చెప్పి బతిమాలదామంటే అక్కడ రాసేది ఊరందరికీ కనిపిస్తుంది. పని చేయకూడని మనిషి పని చేస్తోందని నా చేత్తో నేనే చాటింపు వేసినట్టవుతుంది. చాలాసేపు తల పట్టుకుని, చివరికి ఇలా రాశాను: అయ్యా, అది హోటల్ కాదు, ఇల్లు. మా ఇళ్ళలో భోజనాల వేళ తలుపు తట్టినవాళ్ళకి అన్నం పెట్టి పంపుతారు. మీకూ పెట్టారు. మీ దగ్గర డబ్బులు తీసుకున్నారా?

సాయంత్రానికి జవాబొచ్చింది. తీసుకోలేదు, పొరపాటు నాదే, ఇంకాసేపట్లో నేనే తీసేస్తాను అని. కొంప ముంచబోయిన పులిహోరే కొంప నిలబెట్టింది. ఆ సంతోషంతో లాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లెక్కాను.

అక్క గోంగూర కడుగుతోంది. విషయం విని గట్టిగా ఊపిరి వదిలింది.

"తీసేసిండా మరి?"

"ఇంకా లేదక్కా. ఇప్పుడో కాసేపట్లోనో తీసేస్తాడు."

"అయితే ఒక్కసారి చూపెట్టు."

చేతులు చున్నీకి తుడుచుకుని పక్కన కూర్చుంది. పార్కు, బెంచీలు, బీరు షాపు, ఇవతల బూడిదరంగు ముద్దలో ఒకే ఒక్క చుక్క.

"ఇంక జర పెద్దగ చెయ్యి" అంది. చేశాను. స్క్రీన్ నిండా అక్క కర్రీ పాయింట్.

"లీజు మా సార్ పేరు మీద, కారు మా సార్ పేరు మీద. నా వీసా సుత ఆయన వీసాకి తోక" అని నవ్వింది. "గీ దేశంల నాదని రాసింది గిదొక్కటే ఉండె."

నాకేడుపొచ్చింది. ఉంచేద్దామా అక్కా అనబోయి ఊరుకున్నాను. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఒకసారి రీఫ్రెష్ చేస్తే చుక్క లేదు.

"మంచిగైంది" అని అక్క లేచి స్టవ్ వెలిగించింది.

నా రిపోర్టులో రాశాను, మ్యాప్‌లో కొన్ని ఖాళీలు ఎవరూ పట్టించుకోక మిగిలినవి, కొన్ని ఎవరో భయంభయంగా కాపాడుకుంటున్నవి అని. ప్రొఫెసర్ ఆ వాక్యం పక్కన ఉదాహరణ కావాలి అని ఎర్ర ఇంకుతో రాసి వెనక్కిచ్చారు. ఉదాహరణ మా పైఅంతస్తులో గోంగూర మగ్గబెడుతోంది. నేనివ్వలేదు.