ఒకేసారి మోగిన ఫోన్లు

మైపాడు పడవల సంఘానికి గాలి హెచ్చరికలు వినిపించే ప్రోగ్రాము నాదే. పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాషలో రాశాను. వాతావరణం వాళ్ల కబురు రాగానే ఒక నంబరుకు ఫోన్ చేసి, రికార్డు చేసిన మాట వినిపించి, అది పూర్తయ్యాకే రెండో నంబరుకు వెళ్లేది. బుద్ధిగల పిల్లే గానీ నడక నత్తది. వరసలో చివరి ఇళ్లకు చేరేసరికి వాళ్ల పడవలు అలలు దాటిపోయేవి.

"నీ ఫోను వచ్చేసరికి మా ఆయన నీళ్ల మింద ఉండాడు. ఇంకోసారి ఇట్టయితే నీ ఫోన్లు మాకొద్దు అబ్బయా," అంది సంఘం పనులు చూసే అక్క.

నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె అన్నది నిజమే.

థ్రెడ్లు వాడదామనుకున్నాను. అంటే ఒకే ప్రోగ్రాములో చాలామంది పనివాళ్లను పెట్టి, అందరిచేతా ఒకేసారి ఫోన్లు చేయించడం. నెల్లూరు ఆఫీసులో మిత్రుడు నవ్వాడు. "పీహెచ్‌పీలో థ్రెడ్లా? కుక్కతోక పట్టుకోని గోదారి ఈదినట్టే." అంతే, నాకు పంతం వచ్చేసింది. అందుకు కావలసిన అదనపు ముక్కను, ఎక్స్‌టెన్షన్‌ను, సర్వర్లో ఎక్కించి రాసేశాను.

అక్కకు చెప్పి పరీక్ష చేస్తే సగం పడవలకు బిజీ అని వచ్చింది. బస్సెక్కి మైపాడు వెళ్లి అడిగితే సంగతి తేలింది. ఫోన్ తడుస్తుందని మగవాళ్లు సముద్రంలోకి తీసుకెళ్లరు. పడవ పేరున ఒడ్డున చేపలమ్మే ఆడమనిషి నంబరే ఇస్తారు. అన్నదమ్ముల పడవలన్నిటికీ పెద్ద కోడలి నంబరొక్కటే. నా పనివాళ్లందరూ ఒకేసారి ఆ ఒక్క గుమ్మం మీదే పడ్డారు.

పనిని పడవల వారీగా కాక నంబర్ల వారీగా పంచాను. ఒక నంబరు ఒక్క థ్రెడ్‌దే. దాని కింది పడవలన్నిటి పేర్లూ అదే చదువుతుంది.

నిజంగానే గాలి కబురు వచ్చిన సాయంత్రం నేను మైపాడు ఒడ్డునే, ఇసుకలో ఉన్నాను. పడవలు నీళ్లలోకి తోస్తున్నారు. ఉన్నట్టుండి వీధి వీధంతా ఫోన్లు మోగాయి. ఆడవాళ్లు కేకలేస్తూ ఒడ్డుకు పరుగెత్తుకొచ్చారు. అక్క నడుము లోతు నీళ్లలోకి దిగి మొగుడి పడవ తాడు పట్టుకుంది. కాసేపటికే గాలి విరుచుకుపడింది. అప్పటికి ఒక్క పడవా నీళ్లలో లేదు.

అక్క తడిసిన చీర కొంగు పిండుకుంటూ నా దగ్గరకొచ్చింది.

"మా ఇంట్లో తినిపో అబ్బయా," అంది. "ఇయ్యాల ఆయన కూడా ఇంట్లోనే తింటాడు."