ఓరకి పోను

బండి మీద నేనెప్పుడూ రోడ్డుకి ఎడమ సగంలో నట్టనడుమే వెళ్తాను. ఎవడు హారన్ కొట్టినా బెదిరి అంచుకు జరగను.

మొన్న కోతలప్పుడు అత్తగారిని వెనక కూర్చోబెట్టుకుని సాలూరు బయల్దేరాను. ఊరు దాటకముందే ఓ లారీ వెంటపడి హారన్ మోగించింది. అత్తగారు నా భుజం గిల్లారు.

"ఒసే, ఓరకి పోవే! ఆడికి దారియ్యి!"

ఓరంతా ఆరబోసిన ధాన్యం. బళ్లు తొక్కకుండా దాని చుట్టూ రాళ్లు. గింజల మీద బ్రేకు వేస్తే టైరు నిలవదు. అద్దంలో లారీని చూసుకుంటూ అలాగే నడిపి, ధాన్యం దాటాకే పక్కకి జరిగి దారిచ్చాను.

"ఏటే నీ పొగరు? ఓరకి పోతే ఏటైపోతాది?"

"రాయి తగిలి ఇద్దరం పడతాం అత్తా. పొద్దున్న ఆ రాళ్లు పెట్టింది నువ్వే కదేటి!"