సెసీలియా పోసిన తొమ్మిది వారాల కావా

సెసీలియా ఆ శుక్రవారం బడిలో పాఠాలు చెప్పి మూడింటికి వచ్చి, కిలో కావా పొడిని, అంటే కాస్త మత్తెక్కించే వేరు పొడిని, గుడ్డలో మూటగట్టి, చర్చి వెనకాల హాల్లో నీళ్ళ గిన్నెలో పిసకడం మొదలుపెట్టింది. ఐదింటికల్లా పద్నాలుగు మందిమి చాపల మీద గుండ్రంగా కూర్చున్నాం. రాజుకు పట్టం కట్టినా, పిల్లకు పెళ్ళి కుదిరినా, మనిషి పోయినా మా టోంగా దీవుల్లో కావా తాగకుండా పని జరగదు. ఈమధ్య చర్చి కప్పు రేకుల చందా కోసం కూడా తాగుతున్నాం.

కావా పోసే అమ్మాయికి పెళ్ళయి ఉండకూడదు. తాగేవాళ్ళలో ఆమెకు అన్నదమ్ములు ఉండకూడదు. అక్కడ సరసాలాడతారు, అవి అన్న చెవిన పడకూడదు. అన్న అని తెలిసిన క్షణం చెల్లెలు లేచి వెళ్ళిపోవాలి. మాకు బావ వరస లేదు. మేనత్త కొడుకూ అన్నే, మేనమామ కొడుకూ అన్నే, తాతల తోబుట్టువుల మనవలూ అన్నలే. ఊళ్ళో సగం మంది ఆమెకు అన్నలు. మిగతా సగానికి పోస్తుంది.

ఫిలిమోనే వవావు దీవి వాడు, కరెంటు లైన్‌మన్. ఇక్కడికి బదిలీ అయ్యాక తొమ్మిది శుక్రవారాలు తప్పకుండా వచ్చాడు. ఆదివారం ప్రార్థన కాగానే సెసీలియా తండ్రిని పిల్లనడగబోతున్నాడు. అది ఆమెకూ తెలుసు. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, ఆదివారానికని కొత్త గౌను కుట్టించుకుంది.

మొదటి విడత కొబ్బరి చిప్పలు తిరిగాయి.

"అమ్మాయ్, నాకు సగమూ, అతనికి నిండానా?" అన్నాడు పెద్దాయన పెనిసిమానీ.

"ఆయన స్తంభాలెక్కాలి తాతా. నువ్వు మంచం దిగడమే గొప్ప."

అందరం నవ్వాం. ఫిలిమోనే చిప్పలోకి చూస్తూ తాగాడు.

ఆదివారం ఫిలిమోనే తరఫున మాట్లాడే పని పెనిసిమానీది. అటువంటప్పుడు వంశం చెప్పడం మర్యాద. అందుకని అడిగాడు. "మీ నాన్న వైపు తెలుసుగానీ, మీ అమ్మమ్మ ఎవరబ్బాయ్?"

"లూసేఫా. ఆవిడది ఈ ఊరేనట." ఆ మాట చెప్పడానికి ఫిలిమోనే కాస్త నిటారుగా కూర్చున్నాడు. "వాళ్ళన్నయ్య ఇక్కడ చర్చి గంట కొట్టేవాడట."

గంట కొట్టినాయన సెసీలియాకు అమ్మ తరఫు తాత. ఆ సంగతి హాల్లో ఫిలిమోనేకు తప్ప అందరికీ తెలుసు.

సెసీలియా చేతిలో చిప్ప నిండుగా ఉంది. దాన్ని తిరిగి గిన్నెలో వంచింది. చేతులు తుడుచుకుంది.

"ఇంకో రెండు విడతలకు సరిపోతుంది," అని చెప్పి, అతని వైపు చూడకుండా బయటికి వెళ్ళింది.

"ఏమైంది?" అన్నాడు ఫిలిమోనే.

పెనిసిమానీ చెప్పాడు.

"అంత దూరపు చుట్టరికం కూడానా?"

"అన్నంటే అన్నే. మొదటి వారమే చెప్పకపోయావేం?"

"ఎవరూ అడగలేదుగా."

"వేరే దీవి వాడివి, ఏ గొడవా ఉండదనుకున్నాం," అన్నాడు పెనిసిమానీ. గరిటె తనే అందుకుని పోయడం మొదలుపెట్టాడు. అందరికీ సగం సగమే పోశాడు.

ఫిలిమోనే ఆ ఆదివారం వేరే చర్చికి వెళ్ళాడు. సెసీలియా కొత్త గౌనే వేసుకుని, తండ్రి పక్కన కూర్చుని పాటలన్నీ పాడింది. తర్వాతి శుక్రవారం నుంచి మాకు మళ్ళీ ఆమే కావా పోసింది. అతను పక్క ఊరి కావా క్లబ్బులో చేరాడు.

మా దగ్గర తోబుట్టువుల్లో ఆడపిల్లదే పైమెట్టు. పండిన దాంట్లో మంచిది అన్నదమ్ములు ఆమెకు పంపాలి. జూన్‌లో ఫిలిమోనే కరెంటు వాళ్ళ బండిలో వచ్చి, సెసీలియా ఇంటి గేటు దగ్గర ఓ బుట్ట దించాడు. లోపలికి రాలేదు. ఆమె కూడా బయటికి రాలేదు. తల్లి బుట్టను వంటింట్లోకి లాక్కెళ్ళి తూకం వేసింది. పెండలం దుంపలు, పద్దెనిమిది కిలోలు.