బారువలో మేం దిగని గది

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు నా మంచం పట్టె మీద కూర్చుని, ఫోనులో గదుల ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ, సముద్రం కనిపించే గది తీసుకోమంటావా, తోట వైపు గది తీసుకోమంటావా అని నన్ను అడిగింది. దాని పెళ్లయి పన్నెండు రోజులయింది. నాలుగు రోజులు ఇద్దరే ఎక్కడో సముద్రం ఒడ్డున గడిపి వద్దామని వాళ్ల ఆలోచన. సముద్రం వైపు కిటికీ ఉన్నదే తీసుకో, డబ్బు గురించి చూడకు అని నేను చెబుతూండగానే, వసారాలో పేపరు చదువుకుంటున్న మా ఆయన తలెత్తి, "ఏ ఊరే అమ్మా? అక్కడ మనోలెవులైనా ఉన్నారేటో సూత్తాను. ఓ ఫోన్ సేసి సెప్తే సరిపోద్ది" అన్నారు. అంతే, నాకు ఒళ్లు మండిపోయింది. డెబ్బై దాటిన మనిషిని, పూటకో బీపీ మాత్ర మింగేదాన్ని, పలాసలో మా వీధి వీధంతా వినబడేటట్టు అరిచాను.

పిల్లలు బిత్తరపోయారు. వాళ్లకేం తెలుసు? నా ఈడు వాళ్లు మీలో ఎవరైనా ఉంటే మీకు తెలుస్తుంది. మా ఉద్దానం వైపు "మనోలు" లేని ఊరుండదు. ఇచ్ఛాపురంలో మేనమామ, టెక్కలిలో తోడల్లుడు, ఎవరూ లేకపోతే వదిన చెల్లెలి ఆడపడుచు. వాళ్లు ఊళ్లో ఉండగా లాడ్జీలో దిగితే వాళ్ల మొహాన ఉమ్మేసినంత తప్పు. ఆ ఒక్క మాట నా మూడు రోజులు మింగేసింది.

మా పెళ్లినాటికి మా ఆయన పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర గుమస్తా. అత్తవారింట్లో ఎనిమిది మందిమి, రెండే గదులు. పెళ్లయి నాలుగు నెలలు దాటినా, మధ్యలో ఎవరో ఒకరు గొంతు కలపకుండా మేమిద్దరం పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నది లేదు. ఆయనకి కాఫీలో పంచదార ఎంత కావాలో కూడా నేను మా అత్తగారిని అడిగి తెలుసుకున్నదాన్ని. అలాంటి రోజుల్లో ఆయన కొట్లో ఎవరి దగ్గరో హనీమూన్ అనే మాట విని వచ్చి, నూతి దగ్గర నేను బిందె ముంచుతుంటే, అటూ ఇటూ చూసి, దొంగసొమ్ము చేతిలో పెట్టినట్టు నా చెవిలో చెప్పారు. సముద్రం ఒడ్డునున్న బారువలో ఇసుక దిబ్బ మీద అప్పట్లో ఒక పాత బంగళా ఉండేది. ఒక ఆదివారం పని కట్టుకుని వెళ్లి, కాపలావాడితో మాట్లాడి, మూల గది మూడు రోజులకి ఖాయం చేసుకుని వచ్చారు. మంచం మీదనుంచి చూస్తే పడవలు కనిపిస్తాయట, తలుపుకి లోపలివైపు గొళ్లెం ఉందట. పడవల మాటకంటే ఆ గొళ్లెం మాటకే నేను ఎక్కువ సంతోషించాను, ఇప్పుడు చెప్పడానికి సిగ్గేముంది.

ఇంతా చేసి ఆ మహానుభావుడు ఏం చేశారో తెలుసా? బారువలో ఉన్న తన మేనత్తకి పోస్టు కార్డు రాశారు. ఫలానా రోజు వస్తున్నాం, బంగళాలో దిగుతున్నాం, వీలు చూసుకుని నిన్ను చూసి వెళతాం అని. చెప్పకుండా వెళితే ఆవిడ బాధపడుతుందట. మేం బస్సు దిగేసరికి ఆవిడ గొడుగేసుకుని నిలబడి ఉంది. నా చేతిలో ట్రంకుపెట్టె లాక్కుని నెత్తిన పెట్టుకుని, "మేం సచ్చిపోనామేటిరా, బంగళాలో దిగడానికి? ఊరోలు మా మొకాన ఉమ్మరా?" అని ముందు నడిచింది. ఆవిడ వెనక మా ఆయన, ఆయన వెనక నేను. నోరు తెరిచి ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అంటారేమోనని ఆ కొబ్బరితోటల దారి పొడుగునా ఆయన వీపు చూస్తూ నడిచాను. అనలేదు.

అన్యాయం చెప్పకూడదు, ఆవిడ మమ్మల్ని నెత్తిన పెట్టుకుంది. పీతల పులుసు, వంజరం వేపుడు, పూటకో పిండివంట. తిట్టి ఉంటే తిరగబడి ఉందును. పెట్టి పోషించేవాళ్లతో ఏమని పోట్లాడతాం? కొత్త కోడల్ని చూడాలని వీధిలో ఆడవాళ్లంతా వచ్చిపోతుంటే చాప మీద తల వంచుకు కూర్చున్నాను. పడక మేనత్త కూతుళ్ల మధ్య నాకు, వీధి అరుగు మీద మగవాళ్లతో ఆయనకి. ఆ మూడు రోజుల్లో మా ఆయన నాతో అన్న మాట, "మజ్జిగ కావాలా" అని ఒకసారి, అదీ విస్తరి ముందు.

రెండో రోజు పొద్దున్న సముద్రస్నానం అన్నారు. తొమ్మిది మంది ఆడవాళ్లం వెళ్లాం. కొత్త పెళ్లికూతుర్ని కెరటం లాక్కుపోతుందని మేనత్త నా మణికట్టు గాజులు గుచ్చుకునేటట్టు పట్టుకుంది. తల ముంచి లేచి కళ్లు తుడుచుకుంటే ఎదురుగా దిబ్బ మీద బంగళా. మూల గది కిటికీ బార్లా తెరిచి ఉంది, కాపలావాడు దుప్పటి దులిపి కిటికీ మీద ఆరేస్తున్నాడు. మాకోసమే. నాకు ఏడుపొచ్చింది, ఉప్పునీళ్లు కళ్లలో పడ్డాయనుకుని అందరూ నవ్వారు.

తిరుగు బస్సులో ఒళ్లో నాలుగు కొబ్బరికాయలు, కాళ్ల దగ్గర ఎండు చేపల మూట. "ఏటి సేత్తాం, పెద్దోలు గదా" అన్నారు ఆయన. పలాస వచ్చేదాకా నేను కిటికీ వైపే మొహం తిప్పుకు కూర్చున్నాను. ఆ తర్వాత ఆ మూల గదికి మేం వెళ్లిందీ లేదు. పిల్లలు పుట్టారు, పనులు పెరిగాయి.

ఇంతవరకూ చెబితే తప్పంతా వాళ్లదే. ఇక్కడితో ఆపేయాలని నాకూ ఉంది.

మా అబ్బాయి పెళ్లయ్యాక కొత్త జంట విశాఖపట్నం వెళతామన్నారు. బీచి దగ్గర గది మాట్లాడుకున్నామని వాడు నాతో చెప్పాడు. చెప్పిన గంటలోపు నేను వాడికి తెలియకుండా విశాఖలో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. తమ్ముడుండగా నా కొడుకు లాడ్జీలో దిగితే వాడేమనుకుంటాడు, అదొక్కటే నా బుర్రలో ఉంది. తమ్ముడు స్టేషనుకి వెళ్లి ఇద్దరినీ తన ఇంటికి తీసుకుపోయాడు. నా కోడలు మూడు రాత్రులు మా మరదలి పక్కన పడుకుంది. తిరిగొచ్చి నాతో పల్లెత్తు మాట అనలేదు. సంతోషించిందనే అనుకున్నాను, మా తమ్ముడు ఎంత మర్యాద చేశాడో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆదివారం నా అరుపులు అయ్యాక, ఆయన పేపరు వెనక దాక్కున్నాక, ఊరు పేరు నాకొక్కదానికే చెప్పవే అని మనవరాల్ని అడిగాను. అది తల్లి వైపు చూసింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా కోడలు మెల్లిగానే అంది:

"గదులు నీకు సూపించమన్నాను అత్తా. ఊరు పేరు మాత్తరం ఎవులికీ సెప్పొద్దన్నాను. మావయ్యకీ, నీకూ."

ఇరవై అయిదేళ్లలో ఆ విశాఖ ప్రయాణం గురించి అది నాతో అన్నది ఇదే.

నిన్న పొద్దున్న వాళ్లిద్దరూ రైలెక్కారు. ఎటు వెళ్లే రైలో నాకు తెలియదు. మా రోజుల్లో కొత్త జంట ఎక్కడ పడుకున్నారో ఊరంతటికీ తెలిసేది, ఇవాళ ఇంట్లో ఉన్న మామ్మకి తెలియదు. ఇలా ఉండడమే మంచిది, మనసుకి కష్టంగా ఉన్నా మంచిదే. మా ఆయన మీద కోపం ఎప్పుడో పాతబడిపోయింది, మేనత్త పోయి ఏళ్లయింది. ఇప్పుడు నా కోపమంతా నా మీదే. నా కోడలు ఆ ఒక్క మాట నాతో అనడానికి దాని కూతురికి పెళ్లీడు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.